రేడియేటర్ ఫ్యాన్‌కి డ్యాష్‌బోర్డ్ నుంచి స్విచ్ పెట్టుకోవడం ఎలా?

కారు రేడియేటర్‌కి బిగించిన ఎలక్ట్రిక్ ఫ్యాన్ మామూలుగా తనంతట తానే తిరిగి, తనంతట తానే ఆగుతుంది. కూలెంట్ వేడి ఒక హద్దు దాటగానే ఆన్ అవుతుంది, అయిదారు డిగ్రీలు తగ్గాక ఆఫ్ అవుతుంది. ఆ హద్దు బండిని బట్టి 90 నుంచి 105 డిగ్రీల సెల్సియస్ మధ్య ఎక్కడైనా ఉండొచ్చు. అంతా సవ్యంగా ఉన్నప్పుడు మీ చేతిలో స్విచ్ అవసరమే లేదు. కానీ ఘాట్ రోడ్డు ఎక్కబోయే ముందు, కదలని ట్రాఫిక్‌లో ఇరుక్కున్నప్పుడు, పాత బండిలో ఫ్యాన్‌ని వేసే థర్మో స్విచ్ (వేడికి తనంతట తానే కలిసే స్విచ్) మీద నమ్మకం పోయినప్పుడు, ఫ్యాన్‌ని మనమే వేసుకోగలిగితే సగం టెన్షన్ పోతుంది.

ముందుగా ఒక ప్రశ్న వేసుకోండి: బండి ఎప్పుడు హీటెక్కుతోంది? ఆగి ఉన్నప్పుడో, నత్తనడక నడుస్తున్నప్పుడో అయితే ఫ్యాన్‌ని అనుమానించాలి. హైవే మీద 80లో పోతున్నప్పుడు ఇంజిన్ వేడి చూపే ముల్లు పైకి లేస్తుంటే స్విచ్ పెట్టినా ఒరిగేదేమీ లేదు. ఆ వేగంలో ఎదురుగాలి ముందు ఫ్యాన్ గాలి ఏ మూలకీ చాలదు. అప్పుడు చూడాల్సింది కూలెంట్ తగ్గిందా, థర్మోస్టాట్ (వేడెక్కాకే కూలెంట్‌ని రేడియేటర్‌కి వదిలే వాల్వు) మూసుకుపోయిందా, వాటర్ పంపు పోయిందా, రేడియేటర్ రెక్కల్లో మట్టి పట్టిందా అన్నది. ఆ రిపేరు ఖర్చు తప్పించుకోవడానికి స్విచ్ పెట్టుకుంటే ఇంజిన్ హెడ్‌కీ బ్లాకుకీ మధ్యుండే హెడ్ గ్యాస్కెట్ పోయాక అంతకు పదింతలు కట్టాల్సి వస్తుంది.

ఇక వైరింగ్ సంగతి. మొత్తం పనికి ఒకటే సూత్రం: మన స్విచ్ ఫ్యాన్‌ని వేయగలగాలి, ఆపగలిగే వీలు మాత్రం దానికి ఉండకూడదు. అంటే కంపెనీ ఇచ్చిన ఆటోమేటిక్ ఏర్పాటును కత్తిరించకుండా, దానికి పారలల్‌గా (పక్కనే సమాంతరంగా) ఇంకో దారి ఇవ్వాలి. మీరు స్విచ్ ఆఫ్ చేసి మరిచిపోయినా, స్విచ్చే పాడైపోయినా ఫ్యాన్ మునుపటిలాగే తన టైముకి తాను తిరగాలి. ఫ్యాన్ వైరు మధ్యలో తెంపి స్విచ్ పెట్టే పద్ధతి కొందరు చూపిస్తారు. అది వద్దు.

రెండో సంగతి కరెంటు. చిన్న కారు ఫ్యాన్ కూడా 10 ఆంపియర్లు లాగుతుంది. పెద్దవి 20, 25 దాకా వెళ్తాయి. తిరగడం మొదలైన క్షణంలో అంతకు రెండు మూడు రెట్లు తీసుకుంటాయి. డ్యాష్‌బోర్డ్‌లో పెట్టే చిన్న స్విచ్ ఆ భారం మోయలేదు. కొన్నాళ్లకు లోపలి కాంటాక్టులు కాలి అతుక్కుపోతాయి, లేదా ప్లాస్టిక్ కరుగుతుంది. అందుకే మధ్యలో రిలే ఉండాలి, అంటే చిన్న కరెంటుతో పెద్ద కరెంటుని కలిపే విద్యుత్ స్విచ్. రిలేని పనిచేయించే తీగచుట్టకి, అంటే కాయిల్‌కి, 0.2 ఆంపియర్ చాలు, ఎంత సన్నని స్విచ్ అయినా దాన్ని మోస్తుంది.

మీ బండిలో ఫ్యాన్‌ని ఎవరు వేస్తున్నారు?

ఇది తేల్చుకోకుండా ఒక్క వైరు కూడా కత్తిరించకండి. కార్లలో మూడు రకాల ఏర్పాట్లు కనిపిస్తాయి.

పాత కార్లలో రేడియేటర్ ట్యాంకుకో, ఇంజిన్ పైపు దగ్గరో మరతో బిగించిన థర్మో స్విచ్ ఉంటుంది. ఇత్తడి ఒళ్లు, వెనక రెండు పిన్నుల సాకెట్. వేడెక్కితే లోపల రెండు పిన్నులూ కలుస్తాయి, ఫ్యాన్ తిరుగుతుంది. మూడు పిన్నులుంటే ఫ్యాన్‌కి రెండు స్పీడ్‌లు ఉన్నట్టు. ఒకటే పిన్ను ఉంటే రెండో కొస రేడియేటర్ ద్వారా బాడీకి ఎర్త్ అవుతోందని (బ్యాటరీ మైనస్ కలిసిన కారు రేకుకి కలుస్తోందని) అర్థం.

ఆ తర్వాత వచ్చిన కార్లలో ఈ పని ఈసీయూ (ఇంజిన్‌ని నడిపించే కంప్యూటర్) చేస్తుంది. సెన్సర్ చెప్పిన వేడిని చూసి, ఫ్యూజ్ బాక్సులోని ఫ్యాన్ రిలే కాయిల్‌కి ఎర్త్ ఇస్తుంది. ఏసీ వేస్తే కూడా ఫ్యాన్ తిరిగేలా చూసుకుంటుంది. (మీ బండి ఇలాంటిదైతే ఏసీ బటనే మీకు సగం స్విచ్. ఏసీ వేసినా ఫ్యాన్ తిరగడం లేదంటే స్విచ్ గోల పక్కనపెట్టి ముందు ఫ్యూజూ, రిలే, మోటారూ చూడండి.)

మూడోది, ఫ్యాన్ పక్కనే అల్యూమినియం రెక్కలున్న కంట్రోల్ మాడ్యూల్ ఉన్న బండి. రెండు లావు వైర్లతో పాటు ఒకటో రెండో సన్నని సిగ్నల్ వైర్లు వెళ్తుంటాయి. ఫ్యాన్ వేగం అవసరాన్ని బట్టి మెల్లగా పెరుగుతూ తగ్గుతూ ఉంటుంది. మీది ఇదైతే ఈ వ్యాసంలోని పద్ధతి పనికిరాదు. సిగ్నల్ వైరుకి నేరుగా 12 వోల్టులు ఇస్తే మాడ్యూల్ పోయే ప్రమాదం ఉంది.

థర్మో స్విచ్ ఉన్న బండిలో ఇంకో విషయం తెలియాలి: ఆ స్విచ్‌లోంచి పోయేది ఫ్యాన్ కరెంటా, రిలే కాయిల్ కరెంటా? దీనికి చిన్న ఉపాయం ఉంది. ఒక ముక్క వైరు మధ్యలో ఫ్యూజ్ హోల్డర్ పెట్టి 3 ఆంపియర్ల ఫ్యూజు వేయండి. థర్మో స్విచ్ సాకెట్ ఊడదీసి, ఇగ్నిషన్ ఆన్ చేసి, సాకెట్ వైపున్న రెండు కొనలనూ ఈ వైరుతో కలపండి. చేతులూ, వేలాడే బట్టలూ ఫ్యాన్‌కి దూరంగా ఉంచుకోవాలి. ఫ్యాన్ తిరిగి ఫ్యూజు నిలిస్తే రిలే ఉన్నట్టే, కలిపిన క్షణంలో టక్‌మన్న చప్పుడు కూడా వినిపిస్తుంది. ఫ్యూజు వెంటనే ఎగిరిపోతే ఫ్యాన్ కరెంటు మొత్తం ఆ స్విచ్‌లోంచే పోతోంది. ఫ్యూజు నిలిచి ఫ్యాన్ మాత్రం తిరగకపోతే లోపం వేరే చోట ఉంది, అది సరిచేశాకే ముందుకెళ్లండి. ఒకటే పిన్ను ఉన్న బండిలో ఈ వైరు రెండో కొసను బాడీకి తాకించండి. మూడు పిన్నులుంటే రెండు స్పీడ్‌లకీ ఉమ్మడిగా ఉండే కామన్ పిన్నుని మిగతా రెండిటితో విడివిడిగా కలిపి చూసి, ఏ జత ఎక్కువ వేగం ఇస్తుందో రాసిపెట్టుకోండి.

కావలసినవి

12 వోల్టుల, 30 లేదా 40 ఆంపియర్ల ఆటోమొబైల్ రిలే ఒకటి, దాని సాకెట్‌తో సహా. రిలే కొన్నప్పుడు సాకెట్ లేకుండా కొనకండి, పిన్నులకి విడివిడిగా లగ్గులు (వైరు కొసకి నొక్కే లోహపు తొడుగులు) తొడిగితే కుదుపులకి ఊడతాయి. డ్యాష్‌బోర్డ్‌కి చిన్న ఆన్-ఆఫ్ స్విచ్. ఫ్యాన్ కరెంటు పోయే దారికి 4 స్క్వేర్ ఎంఎం రాగి వైరు. 12 ఆంపియర్ల లోపు చిన్న ఫ్యాన్‌కి 2.5 చాలు. కాయిల్ దారికి 0.75 సరిపోతుంది. బ్లేడ్ ఫ్యూజ్ హోల్డర్లు రెండు, రింగ్ లగ్గులు, వేడి చేస్తే బిగుసుకునే హీట్ ష్రింక్ స్లీవులు, గొట్టంలాంటి కరుగేటెడ్ పైపు, రబ్బరు గ్రోమెట్ (రేకు రంధ్రానికి తొడిగే వలయం), కేబుల్ టైలు. పనిముట్లలో లగ్గుల్ని వైరుకి నొక్కి బిగించే క్రింపింగ్ ప్లయర్, మల్టీమీటర్ తప్పనిసరి.

కొత్త రిలే మీద అంకెలు చూడండి. 85, 86 కాయిల్ కొసలు. 30, 87 కరెంటు దారి, కాయిల్‌కి కరెంటు అందగానే ఇవి రెండూ కలుస్తాయి. అయిదు పిన్నుల రిలేలో 87ఏ అని మరొకటి ఉంటుంది. రిలే ఆఫ్‌లో ఉన్నప్పుడు అది 30తో కలిసే ఉంటుంది కాబట్టి దాన్ని దేనికీ కలపకండి, సాకెట్‌లో ఆ గడి ఖాళీగా వదిలేయండి. మీటరుతో 85, 86 మధ్య కొలిస్తే 70 నుంచి 100 ఓమ్‌ల వరకు రావాలి. రిలే మీద గీసిన బొమ్మలో డయోడ్ గుర్తు ఉంటే ప్లస్ 86కే ఇవ్వాలి, తిప్పి ఇస్తే షార్ట్ అయి ఫ్యూజు పోతుంది. కాయిల్ ఆఫ్ అయ్యేటప్పుడు పుట్టే వోల్టేజీ పోటును ఆ డయోడ్ మింగుతుంది. ఈసీయూ ఉన్న బండికి డయోడ్ ఉన్న రిలే తీసుకోవడమే మంచిది.

థర్మో స్విచ్ ఉన్న బండికి

3 ఆంపియర్ల ఫ్యూజు పరీక్షలో మీ బండిలో రిలే ఉందని తేలితే పని చాలా తేలిక, కొత్త రిలే కూడా అక్కర్లేదు. థర్మో స్విచ్‌కి వెళ్లే రెండు వైర్లకీ (మూడు పిన్నులుంటే ఎక్కువ వేగం ఇచ్చిన జతకి) కొమ్మల్లా రెండు సన్నని వైర్లు కలిపి డ్యాష్‌బోర్డ్ స్విచ్ దాకా తెచ్చుకోండి. స్విచ్ వేస్తే ఆ రెండూ కలుస్తాయి, థర్మో స్విచ్ వేడెక్కినప్పుడు జరిగేదే ఇప్పుడూ జరుగుతుంది. కలిపిన చోటుకి దగ్గర్లో, ఒక్కో వైరులోనూ 3 ఆంపియర్ల ఫ్యూజు పెట్టండి. ఒకటే పిన్ను ఉంటే ఒక వైరే లోపలికి వస్తుంది, స్విచ్ రెండో కొసను క్యాబిన్‌లో బాడీకి ఎర్త్ చేయాలి.

ఫ్యూజు ఎగిరిపోయిన బండిలో థర్మో స్విచ్ రెండు వైర్లకీ కొత్త రిలే 30, 87 కొసల్ని లావు వైర్లతో కలపండి. ఫ్యాన్ ఆగేటప్పుడు కరెంటు కట్ అయ్యేది ప్లస్ వైపా, ఎర్త్ వైపా అన్న చిక్కు ఇక్కడ లేదు, ఎటైనా ఇదే పని చేస్తుంది. ఫ్యాన్‌కి ముందునుంచీ ఉన్న ఫ్యూజే ఈ దారినీ కాపాడుతుంది. కాయిల్ వైపు ఎలా కలపాలో కింది పద్ధతిలో 5, 6 అంకెల దగ్గర వస్తుంది, రెండిటికీ ఒకటే.

ఈసీయూ ఉన్న బండికి

ఫ్యూజ్ బాక్సులోని పాత రిలే కాయిల్ ఎర్త్ వైరుకి ఒక కొమ్మ కలిపి స్విచ్‌తో ఎర్త్ చేస్తే సరిపోదా అని అడిగేవాళ్లున్నారు. ఫ్యాన్ తిరుగుతుంది, నిజమే. కానీ తాను ఆఫ్‌లో ఉంచిన వైరు ఎర్త్ అయి కనిపిస్తే కొన్ని ఈసీయూలు దాన్ని లోపంగా రాసుకుని చెక్ ఇంజిన్ లైటు వెలిగిస్తాయి. స్కానర్ పెడితే పి0480 లాంటి కోడ్ వస్తుంది. అందుకని ఈసీయూ వైర్ల జోలికి పోకుండా విడిగా రిలే పెట్టి, ఫ్యాన్ ప్లస్ వైరుకి నేరుగా కరెంటు ఇవ్వడం మేలు. వారంటీ ఇంకా నడుస్తున్న బండిలో అసలు ఈ పని మొదలుపెట్టకండి.

మొదలుపెట్టే ముందు ఒక కొలత. ఇగ్నిషన్ ఆన్‌లో, ఫ్యాన్ ఆగి ఉన్నప్పుడు, ఫ్యాన్ సాకెట్ ఊడదీసి, బండి వైపున్న కొనలకీ బాడీకీ మధ్య మీటరు పెట్టండి. ఎక్కడా 12 వోల్టులు రాకపోతే ప్లస్ వైపు కట్ అవుతున్నట్టు, కిందిది మీకు వర్తిస్తుంది. ఏదో ఒక కొనలో 12 కనిపిస్తే ఎర్త్ వైపు కట్ అవుతోంది. అప్పుడు కింది 3, 4 పనులకి బదులు రిలే 30ని ఫ్యాన్ మైనస్ వైరుకి, 87ని బాడీకి కలపాలి, బ్యాటరీ నుంచి కొత్త వైరు అక్కర్లేదు. రెండు ఫ్యాన్లుండి మూడు రిలేలతో ఒకసారి సిరీస్‌లో, ఒకసారి పారలల్‌లో తిరిగే బండ్లు కూడా ఉన్నాయి. వాటికి సర్వీస్ మాన్యువల్‌లోని వైరింగ్ డయాగ్రామ్ చేతిలో లేకుండా దిగొద్దు.

1. ఇంజిన్ పూర్తిగా చల్లారాక బ్యాటరీ మైనస్ లగ్గు తీసి పక్కకి పెట్టండి. కొన్ని బండ్లలో తాళం తీసేశాక కూడా ఫ్యాన్ ఉన్నట్టుండి తిరుగుతుంది, వేళ్లు జాగ్రత్త.

2. రిలేకి చోటు చూడండి. బ్యాటరీకీ ఫ్యాన్‌కీ మధ్యలో, సైలెన్సర్ పైపుకి దూరంగా, బాడీకి బోల్టుతో బిగించాలి. పిన్నులు కిందికి చూసేలా పెడితే నీళ్లు లోపల నిలవవు.

3. బ్యాటరీ ప్లస్ నుంచి 30కి లావు వైరు. దాని మీద ఫ్యూజు బ్యాటరీకి జానెడు దూరంలోపే ఉండాలి, ఎందుకంటే ఫ్యూజుకి ముందున్న వైరుని ఏదీ కాపాడదు. ఫ్యాన్ లాగే కరెంటుకి ఒకటింబావు నుంచి ఒకటిన్నర రెట్లు ఫ్యూజు చాలు: 15 ఆంపియర్ల ఫ్యాన్‌కి 20 (పసుపు), 20 ఆంపియర్లదైతే 30 (ఆకుపచ్చ). ఎగిరిపోతోందని అంతకంటే పెద్దది వేస్తే ఫ్యూజు బదులు వైరే కాలుతుంది. ఈ కరెంటు ఇగ్నిషన్ లైను నుంచి తీసుకోకండి. తాళం లోపలి కాంటాక్టులు ఇంత లోడు తట్టుకోలేవు. పైగా ఆగబోతూ తిరిగే ఫ్యాన్ జనరేటర్‌లా పనిచేసి వోల్టేజీ వెనక్కి పంపుతుంది కాబట్టి, కొన్ని పాత బండ్లలో తాళం తిప్పినా ఇంజిన్ కాసేపు ఆగకుండా మొరాయిస్తుంది.

4. 87 నుంచి ఫ్యాన్ ప్లస్ వైరుకి లావు వైరు కలపండి. రెండు స్పీడ్‌ల ఫ్యాన్ అయితే హై స్పీడ్ వైరుకే. పాత వైరుని పూర్తిగా తెంపకుండా, ఇన్సులేషన్ కొద్దిగా ఒలిచి, కొత్త వైరుని దాంతో కలిపి, క్రింప్ చేసి, పైన హీట్ ష్రింక్ వేయండి. మెలితిప్పి టేపు చుట్టడం ఇక్కడ నడవదు. బోనెట్ కింద వేడికి టేపు జిగురు కరిగి ఊడొస్తుంది. వైరు మీద నొక్కి పెట్టే రెడీమేడ్ క్లిప్పులు కూడా ఇంత కరెంటుకి పనికిరావు.

5. 86కి ఇగ్నిషన్ ఆన్‌లో మాత్రమే కరెంటు ఉండే ఫ్యూజు నుంచి 3 ఆంపియర్ల ఫ్యూజుతో సన్నని వైరు ఇవ్వండి. నేరుగా బ్యాటరీ నుంచి ఇస్తే రాత్రి స్విచ్ మరిచిపోయిన రోజున 20 ఆంపియర్ల ఫ్యాన్ రెండు మూడు గంటల్లో బ్యాటరీని ఖాళీ చేస్తుంది. ఎయిర్‌బ్యాగ్, ఏబీఎస్, ఈసీయూ ఫ్యూజుల నుంచి మాత్రం తీసుకోవద్దు. వైపర్ లాంటివి నయం.

6. 85 నుంచి సన్నని వైరు డ్యాష్‌బోర్డ్ స్విచ్‌కి, స్విచ్ రెండో కొస నుంచి క్యాబిన్‌లోని బాడీ బోల్టుకి. స్విచ్‌ని ప్లస్ వైపు కాకుండా ఇలా ఎర్త్ వైపు పెట్టడానికి కారణం ఉంది. ఇంజిన్ గది నుంచి లోపలికి వచ్చే ఈ వైరు ఎప్పుడైనా రాసుకుని బాడీకి తగిలిందనుకోండి, జరిగేది ఫ్యాన్ తిరగడమే. షార్ట్ కాదు, పొగ రాదు. ఇంజిన్ గదికీ క్యాబిన్‌కీ మధ్యున్న రేకులోంచి వైరు తెచ్చేటప్పుడు ఇప్పటికే ఉన్న రబ్బరు గ్రోమెట్‌లోంచి దూర్చండి. కొత్త రంధ్రం చేయక తప్పకపోతే అవతల వైపు ఏముందో చూసి చేసి, గ్రోమెట్ తొడగండి. క్లచ్, బ్రేక్ పెడల్ దారికి వైరు అడ్డం పడకూడదు.

లైటుండే మూడు కాళ్ల రాకర్ స్విచ్‌లు ప్లస్ వైపు పెట్టడానికి తయారైనవి. ఎర్త్ వైపు పెడితే వాటి లైటు సరిగా వెలగదు. మామూలు స్విచ్ పెట్టి, లైటు కోసం విడిగా 12 వోల్టుల ఎల్ఈడీ తీసుకుని, దాని ప్లస్‌ని రిలే 87 నుంచి 1 ఆంపియర్ ఫ్యూజుతో ఇవ్వండి. స్విచ్ వేశామని చెప్పే లైటు కన్నా ఫ్యాన్‌కి కరెంటు అందుతోందని చెప్పే లైటు ఎంతో ఉపయోగం. ఈసీయూ తనంతట తాను ఫ్యాన్ వేసినా ఇది వెలుగుతుంది. కొన్ని వారాలు ట్రాఫిక్‌లో తిరిగినా ఇది మీ ప్రమేయం లేకుండా ఒక్కసారీ వెలగలేదంటే ఆటోమేటిక్ ఏర్పాటు పాడైందని ముందే తెలిసిపోతుంది. రిలే 30, 87 ఎర్త్ వైపు పెట్టిన బండ్లలో ఈ లైటు ఇలా కుదరదు.

పరీక్ష

బ్యాటరీ మైనస్ తిరిగి బిగించి, ఇగ్నిషన్ వేయకుండా స్విచ్ నొక్కండి. ఫ్యాన్ తిరగకూడదు. ఇంజిన్ స్టార్ట్ చేసి స్విచ్ వేయండి, తిరగాలి. గాలి దిశ కూడా చూడండి. రేడియేటర్‌లోంచి ఇంజిన్ వైపుకే రావాలి. తాళం తీస్తే ఆగాలి.

ఇప్పుడు స్విచ్ ఆఫ్ చేసి, బండిని నిలబెట్టి ఇంజిన్‌ని వేడెక్కనివ్వండి, ఏసీ ఆఫ్‌లో ఉంచి. ముల్లు మామూలు చోటుకి వచ్చి, ఇంకాస్త సేపటికి ఫ్యాన్ తనంతట తాను తిరగాలి. ఈ పరీక్షను మాత్రం ఎగ్గొట్టకండి. మన వైరింగ్ వల్ల పాత దారి చెడలేదని దీంతోనే తెలిసేది. ముల్లు ఎర్ర గీత వైపు పోతుంటే ఆగి చూడకుండా స్విచ్ వేసేయండి.

చివరి కొలత వోల్టేజీ. ఇంజిన్ నడుస్తూ, ఫ్యాన్ మన స్విచ్ మీద తిరుగుతుండగా బ్యాటరీ దగ్గర ఒకసారి, ఫ్యాన్ సాకెట్ దగ్గర ఒకసారి కొలవండి. రెండిటికీ తేడా అర వోల్టు లోపుంటే వైరింగ్ బాగున్నట్టు. అంతకు మించితే ఎక్కడో జాయింట్ వదులుగా ఉంది, లేదా వైరు సన్నం. ఉదాహరణకి రానూ పోనూ 4 మీటర్ల దారిలో 25 ఆంపియర్లు పోతుంటే 4 స్క్వేర్ ఎంఎం వైరులో సుమారు 0.43 వోల్టు, 2.5 దానిలో దాదాపు 0.7 వోల్టు పోతుంది. పావుగంట నడిపాక రిలే, ఫ్యూజ్ హోల్డర్, జాయింట్లు తాకి చూడండి. గోరువెచ్చగా ఉంటే పర్వాలేదు, చేయి పెట్టలేనంత కాలితే విప్పి మళ్లీ చేయాల్సిందే.

వాడకం

కొండ ఎక్కబోయే ముందు, ట్రాఫిక్ కదలదని అర్థమైనప్పుడు వేసుకోండి. రోడ్డు తేలికయ్యాక ఆపేయండి. ఎప్పుడూ వేసి ఉంచినా ఇంజిన్ మరీ చల్లబడిపోదు, థర్మోస్టాట్ బాగుంటే అది చూసుకుంటుంది. కానీ ఫ్యాన్ మోటారు బ్రష్‌లు త్వరగా అరుగుతాయి, ఆల్టర్నేటర్ మీద అనవసరపు లోడు పడుతుంది. ఇంజిన్ ఆపి ఇగ్నిషన్ మాత్రం ఆన్‌లో ఉంచి ఫ్యాన్ నడిపే అలవాటు కూడా అంత మంచిది కాదు. పంపు తిరగదు కాబట్టి చల్లబడేది రేడియేటర్‌లోని నీళ్లే. ఇంజిన్ లోపలి వేడి అక్కడే ఉంటుంది. ముల్లు ఎర్ర గీత తాకితే స్విచ్ మీద ఆశ పెట్టుకోకుండా పక్కకి తీసి ఇంజిన్ ఆపండి. వేడి మీద రేడియేటర్ మూత తీయకండి, ఒత్తిడిలో ఉన్న కూలెంట్ మొహానికి చిమ్ముతుంది.

వాగులు దాటించే జీపుల వాళ్లకి దీనికి వ్యతిరేకమైన అవసరం ఒకటి ఉంటుంది. లోతు నీళ్లలో ఫ్యాన్ తిరుగుతుంటే రెక్కలు వంగి రేడియేటర్‌ని కోసేస్తాయి, కాబట్టి కాసేపు ఆపాలి. థర్మో స్విచ్, రిలే ఉన్న బండిలో ఆ రిలే కాయిల్ దారిలో, మామూలుగా కలిసే ఉండి నొక్కితే విడిపోయే స్ప్రింగ్ బటన్ ఒకటి సిరీస్‌లో (ఆ దారి మధ్యలోనే) పెట్టండి. వేలు నొక్కి పట్టుకున్నంతసేపే ఫ్యాన్ ఆగుతుంది, వదలగానే పాత స్థితికి వస్తుంది. సిరీస్‌లో ఏదైనా పెట్టడానికి నేను ఒప్పుకునేది ఇది ఒక్కటే. మామూలు ఆన్-ఆఫ్ స్విచ్ మాత్రం ఆ చోట వద్దు, ఒడ్డెక్కిన సంబరంలో దాన్ని మళ్లీ వేయడం ఎవరికీ గుర్తుండదు.